ఉలవకట్టు తాగిన పట్టుపురుగులు

మా అమ్మ లెక్కలో లోకంలో ఉన్నది ఒక్కటే జబ్బు, నీరసం. తలనొప్పి, చలిజ్వరం, కాళ్ళ తీపులు, పరీక్ష తప్పడం, దున్నుతున్న ఎద్దు చాల్లో ఆగిపోవడం, అన్నీ నీరసం వల్లే వస్తాయి. మందు కూడా ఒక్కటే, తిండి. ఆ తిండిలో మళ్ళీ పైమెట్టు మీద కూర్చునేది ఉలవ.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. నాన్న రైతు. పశువుల పాకలో ఎప్పుడూ ఒక జత ఎడ్లుండేవి. వాటి కోసం పెద్ద కుండలో ఉలవలు ఉడకేసేవాళ్ళం. ఉడికిన ఉలవలు ఎడ్లకి, ఉడికిన నీళ్ళు మనుషులకి. ఆ నీళ్ళే ఉలవకట్టు. దాంట్లో చింతపండు పులుసు పోసి సన్నని సెగ మీద చిక్కబడేదాకా మరిగిస్తే ఉలవచారు. కృష్ణా జిల్లా పల్లెల్లో ఈ పంపకం ఎవరికీ చెప్పక్కర్లేదు. మేమూ ఎడ్లూ ఒకే కుండలో తిన్నాం, అందుకే అమ్మాయికి అంత మొండితనం అని నాన్న నన్ను ఆటపట్టించేవారు. ఒకసారి మా పాస్టరుగారి గొంతు బొంగురుపోతే అమ్మ ఒక చెంబుడు ఉలవకట్టు పంపింది. ఆ ఆదివారం ప్రసంగం ఎంతకీ తెమల్లేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే నాన్న అమ్మ వైపు తిరిగి, ఇదంతా నీ పుణ్యమే అన్నట్టు చూశారు.

అలాంటి మనిషి మొగుడికి, తిండే శత్రువైన జబ్బు వచ్చింది.

అరవైల మొదట్లో నేను బందరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటరుగా పనిచేస్తున్నాను. బచ్చుపేటలో రెండు గదులూ, వెనక వసారా ఉన్న ఇంట్లో అద్దెకుండేదాన్ని. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగే వాళ్ళకు జవాబు చెప్పడం అప్పటికే మానేశాను. ఆ ఏడు వానలు వెనకబట్టాక, మా అన్నయ్య అమ్మనూ నాన్ననూ పులిగడ్డ మీదుగా వచ్చే బస్సులో తీసుకొచ్చి నా దగ్గర దింపి వెళ్ళాడు. నాన్నకు పొద్దున లేచేసరికి ముఖం వాచేది. సాయంత్రానికి ఆ వాపు పాదాల్లోకి దిగేది. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండిపోయేది. చెప్పులు పట్టడం లేదని ఆయన గుడ్డ చుట్టుకుని బస్సెక్కారు.

డాక్టరుగారు నాన్న మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి మంట మీద కాచి మాకు చూపించారు. నీళ్ళలా ఉన్నది కాస్తా పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది. రక్తంలో ఉండాల్సిన మాంసకృత్తులు ఇలా బయటికి కారిపోతున్నాయని చెప్పారు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుందన్నారు. పప్పు, గుడ్డు, చేప లాంటివి ఒంట్లో అరిగాక మిగిలే మలినాన్ని మూత్రపిండాలు తోడిపోయాలి. నాన్నవి ఆ పని మానేస్తున్నాయి. ఆ మలినం రక్తంలోనే పేరుకుంటోంది.

"అందుకని చప్పిడి పథ్యం, తప్పదండీ. అన్నం, సొరకాయ, బార్లీ, కాస్త మజ్జిగ. పప్పు వద్దు. చేప, గుడ్డు అసలొద్దు," అన్నారాయన.

"సత్తువంతా బయటికి పోతావుంటే లోపలికి పెట్టొద్దంటారేంటండీ?" అంది అమ్మ.

అది తెలివితక్కువ ప్రశ్న కాదు. మా కాలేజీలో సగం మందికి ఆ ప్రశ్న తట్టేది కాదు. డాక్టరుగారు కూడా ఓపిగ్గానే చెప్పారు. చిల్లిపడిన కుండలో ఎంత పోసినా నిలవదని, పైగా పోసిన దాంట్లో ఉన్న మడ్డి మాత్రం అడుగున మిగిలిపోతుందని చెప్పారు. అమ్మ అంతా విని, చివరికి, "ఉలవచారు కూడానా అండీ?" అని అడిగింది. ఆ పేరే ఎత్తొద్దన్నారాయన. దారి పొడుగునా అమ్మ నా మీద రుసరుసలాడింది. నాన్న మాత్రం రిక్షాలో కూర్చుని కోనేరు సెంటర్లో దుకాణాల్ని చూస్తూ, బందరు బాగా పెరిగిందే అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో దొంగాట మొదలైంది. అమ్మ సొరకాయ కూరలో కందిపప్పు మెదిపి కలిపేది. మజ్జిగన్నంలో మీగడ దాచేది. నేను కంచంలో చెయ్యి పెట్టి చూస్తే, "ఒక్క గరిటే గదే" అనేది. నేను అరిచేదాన్ని. నాకు కోపం తొందరగా వస్తుంది, ఇప్పటికీ అంతే. నాన్న ఇద్దరి మధ్యా తల దించుకుని కూర్చునేవారు. ఆయనకు చప్పిడి కూడన్నా భయమే, అమ్మన్నా భయమే. ఏది పెడితే అది తినేవారు. తిన్న మర్నాడు పాదాలు బిగుసుకుపోయేవి. వాపు చూసి అమ్మ, "చూశావా, నీరసం," అనేది. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించేది.

ఆయన బతుకుతారా లేదా అన్నది మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు. కానీ ప్రతి ముద్దా ఆ మాట మీదే లోపలికి వెళ్ళేది.

అదే సమయంలో కాలేజీలో నా పని పట్టుపురుగులతో. మా లెక్చరరుగారిది గుడివాడ. శనివారం రైలెక్కి ఇంటికి వెళ్ళి సోమవారం పొద్దున్నే వచ్చేసేవారు. నెమ్మదైన మనిషి, ఒక మాట అనాలంటే ముందు దానికి ఎదురు మాటలన్నీ మనసులో వేసుకుని చూసుకునేవారు. మైసూరు వైపు వెళ్ళినప్పుడు ఆయన మల్బరీ కొమ్మలూ పురుగుల గుడ్లూ తెచ్చుకున్నారు. బందరు ఉప్పునేలలో మల్బరీ ఎక్కడ బతుకుతుందండీ అని అందరూ నవ్వారు. బతికింది. చలికాలానికి వెదురు తట్టల నిండా పురుగులు తయారయ్యాయి.

ఆయన ఆశ తేలికగానే అర్థమయ్యేది. పట్టుదారం మాంసకృత్తుతోనే తయారవుతుంది. పురుగు దాన్ని తన రక్తంలోంచి తీసుకుని అల్లుతుంది. కాబట్టి రక్తంలో మాంసకృత్తు పెంచితే పట్టు కూడా పెరగాలి. ఆయన కోడిగుడ్డు తెల్లసొనను నీళ్ళలో కలిపి, ఆకులకు పూసి, ఆరబెట్టి కొన్ని తట్టలకు వేయించేవారు. మిగతా తట్టలకు ఉత్త ఆకు. రక్తం పరీక్ష నాది. పురుగు పొట్టకింద ఉండే మెత్తని కాళ్ళలో ఒకదాన్ని సూదితో గుచ్చితే లేత పసుపురంగు చుక్క ఊరుతుంది. దాంట్లో ఆమ్లం చుక్క వేస్తే మాంసకృత్తు తెల్లగా పేరుకుంటుంది. ఎంత దట్టంగా పేరుకుంటే రక్తంలో అంత ఎక్కువ ఉన్నట్టు.

కాస్త పూసినప్పుడు పురుగులు బాగానే ఎదిగాయి. ఆయన ముఖంలో ఉత్సాహం చూడాలి. ఇంకాస్త చిక్కగా పూశారు. రక్తం చుక్క ఆమ్లంలో పడగానే పెరుగు తోడుకున్నట్టు గట్టిపడటం మొదలైంది. ఇక అక్కణ్ణుంచి అంతా తలకిందులైంది. ఆ పురుగులు మిగతా వాటికంటే వెనకబడ్డాయి. చర్మం విడవాల్సిన వేళకు విడవలేకపోయాయి. సగం తోలు ఒంటికి అంటుకుని, మెడ దగ్గర బిగిసి, అలాగే చచ్చిపోయినవి కొన్ని. బతికిన వాటిని కోసి చూస్తే పట్టుగ్రంథి నిగనిగలాడకుండా పాలిపోయి కుదించుకుపోయి ఉంది. లోపలి కొవ్వు చిల్లులు పడి చిదిమినట్టుంది. గూడు కట్టినవి కూడా పల్చగా, లోపలి పురుగు కనిపించేలా కట్టాయి. వాటిలోంచి రెక్కలు ముడుచుకుని బయటికొచ్చిన ఆడవాటి పొట్టలో గుడ్లు చాలా తక్కువ.

"పురుగుకు ఉన్న దారి ఆ గ్రంథి ఒక్కటేనేమోనండీ. అది అల్లగలిగినంత అల్లుద్ది. మిగిలింది రక్తంలోనే ఉండిపోతే ఏం చేసుద్ది పాపం," అన్నారు లెక్చరరుగారు. ఆ మాట అన్నాక, అది రుజువైన సంగతి కాదని వెంటనే సర్దుకున్నారు.

నేను మాత్రం ఆ పాలిపోయిన గ్రంథిని చూస్తూ నాన్న పాదాల గురించి ఆలోచిస్తున్నాను. పురుగు రక్తంలో మాంసకృత్తు ఎక్కువ కావడం వేరు, మనిషి రక్తంలో దాని మలినం పేరుకోవడం వేరు. ఆ తేడా నాకు తెలుసు. అయినా తట్టల దగ్గర నిలబడితే రెండూ కలిసిపోయేవి. మనసు బాగాలేని రోజుల్లో చదువు కూడా సరిగ్గా పనిచేయదు.

క్రిస్మస్ సెలవులకు కాలేజీ మూసేశారు. సెలవుల్లో పురుగులకు ఆకు వేసే దిక్కు లేదు. ఉత్త ఆకు మీద పెరుగుతున్న కొత్త పురుగుల్ని, తర్వాతి విడతకు గుడ్లు పెట్టాల్సినవాటిని, రెండు తట్టల్లో మా ఇంటికి తెచ్చుకున్నాను. వసారాలో నాన్న మంచానికి అటొకటి ఇటొకటి బల్లల మీద పెట్టి, చీమలు ఎక్కకుండా బల్లకాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉంచాను.

"వీటికి సేవ చేయడానికా నిన్ను చదివించింది?" అంది అమ్మ. ముక్కు మూసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. పూట గడవకముందే మళ్ళీ వచ్చి, ఆకు తరగడం నాకు చేతకాదని తేల్చి, కత్తిపీట తెచ్చుకుని కూర్చుంది. తడి ఆకు వేయకూడదని, మట్టిచేతులతో ముట్టకూడదని ఒక్కసారి చెప్తే చాలు, మళ్ళీ చెప్పించుకోలేదు. నాన్నకు అవి వచ్చాక వసారాలో కాలక్షేపం దొరికింది. ఆకు వేయగానే అవి నమిలే చప్పుడు వింటూ, "పాకలో ఎడ్లు గడ్డి మేస్తన్నట్టే ఉందమ్మాయ్, దూరంగా," అని నవ్వేవారు. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది. ఆ క్రిస్మస్‌కు మేం గుడికి వెళ్ళలేదు. పాటలు పాడే బృందం ఇంటి ముందుకు వస్తే, నాన్న మంచం మీంచే గొంతు కలిపారు.

కాలేజీ పని మీద నన్ను మధ్యలో విజయవాడ పంపారు. అక్కడ కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది. వెళ్ళేముందు అమ్మకు అంతా అప్పజెప్పాను. పురుగులు చర్మం విడిచేముందు తినడం మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉంటాయని, అప్పుడు ఆకు వేయొద్దని చెప్పాను. తిరిగి వచ్చేసరికి వంటగది పక్కనున్న తట్టలో పురుగులు రెండో తట్టలో వాటికంటే లావుగా ఉన్నాయి. అమ్మ ఆ తట్ట దగ్గరకు నన్ను తీసుకెళ్ళి చూపించింది. దాని గొంతులో గొప్ప దాగలేదు.

"తెల్లమొహాలేసుకుని, తల పైకెత్తి, మింగుడు పడనట్టు ఉండిపోయినియ్యే. నేనే బతికించా," అంది.

ఏం చేశావని అడిగితే చెప్పలేదు. నీ చదువుకి తెలవని మందులు కొన్ని ఉన్నాయిలే అని నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది. ప్రయాణం బడలికలో ఉన్నాను, పురుగులు లావుగా ఉన్నాయి, ఇంటికి వచ్చేసరికి అమ్మ నవ్వుతోంది. అందుకే ఇంక తరచి అడగలేదు. నాన్న పాదాలు మాత్రం బాగా వాచి ఉన్నాయి. ఊపిరి పీల్చుకోవడానికి గోడకు చేరగిలబడి కూర్చున్నారు.

తర్వాత చర్మం విడవాల్సిన వేళ వచ్చింది. రెండో తట్టలో పురుగులు పాత తోలు వదిలేసి, తెల్లగా కొత్తగా ఆకు మీద పడ్డాయి. అమ్మ తట్టలో పురుగులు విడవలేకపోయాయి. తోలు నడుము దగ్గర బిగిసి, తలకాయలు మెరుస్తూ, ఒళ్ళు ఉబ్బి, ఒక్కొక్కటే మెత్తబడి చచ్చిపోసాగాయి. అదంతా నేను కాలేజీలో చూసిందే. ఉత్త ఆకు తిన్న పురుగులు ఇలా అవడానికి కారణం కనిపించలేదు. వేడి చేసిందా, ఆకు చెడిందా అని కాసేపు ఆలోచించి, చివరికి సూదీ ఆమ్లం సీసా తెచ్చుకున్నాను.

అమ్మ పక్కనే నిలబడింది. రెండో తట్టలో పురుగును గుచ్చి, గాజు పలక మీద చుక్క తీసి, ఆమ్లం వేశాను. పలచగా తెల్లబడింది. తర్వాత అమ్మ తట్టలోది తీశాను. చుక్కే చిక్కగా జారింది. ఆమ్లం తగలగానే ముద్దకట్టింది.

"ఈ ఆకుకి ఏం పూశావమ్మా?" అన్నాను.

"ఉలవకట్టు. గుడ్డతో రాసి, నీడన ఆరబెట్టి వేశా. తడి లేకుండానే వేశా."

ఉలవకట్టు ఎంత చిక్కగా కాచిందో అడగక్కర్లేదు. మా అమ్మ కాచేది నాకు తెలుసు. అప్పుడు తట్టింది నాకు. ఆ ఇంట్లోకి ఉలవ గింజ రాకూడదని నేను ఒట్టు వేయించుకున్నాను. పురుగుల కోసం ఉలవలు ఎవరూ తెప్పించరు. నేను నాన్న వైపు చూశాను. నాన్న పైకప్పు వైపు చూశారు. మా అన్నయ్య వచ్చినప్పుడల్లా సంచి అడుగున వేసుకొచ్చేవాడట. నేను కాలేజీకి వెళ్ళిన పూటల్లా అమ్మ పొయ్యి మీద అదే ఉడికేది. నాన్న రోజూ తాగుతున్నారు. మిగిలింది పురుగులకు పూసింది.

నేను అరవలేదు. అరిచే శక్తి కూడా పోయింది. ఉబ్బి చచ్చిన పురుగునొకదాన్ని అరచేతిలో పెట్టుకుని నాన్న మంచం దగ్గరకు వెళ్ళి, దుప్పటి తీసి, ఆయన పాదం మీద వేలితో నొక్కాను. గుంట పడింది. "ఇదీ, అదీ ఒకటే అమ్మా. ఒంట్లో పట్టనంత పెడితే ఇంతే," అన్నాను.

రెండూ ఒకటి కాదని చెప్పానుగా. ఆ మాట అప్పుడు అమ్మకు చెప్పలేదు, చెప్పనందుకు ఇప్పటికీ నాకు చింత లేదు. నెలల తరబడి డాక్టరుగారు చెప్పారు, నేను చెప్పాను, ఒక్కటీ ఎక్కలేదు. కళ్ళతో చూసింది ఎక్కింది.

అమ్మ తట్ట పక్కన నేల మీద కూర్చుంది. బతికున్న పురుగుల్ని ఒక్కోదాన్నీ వేలితో తడిమింది. "తిండి ఎక్కువైతే చస్తారా?" అని అడిగింది. ఆ వయసులో ఆమెకు ఆ సంగతి కొత్త. చస్తారమ్మా అన్నాను. ఆ సాయంత్రం ఉలవల సంచి తీసుకెళ్ళి పక్కింటి గేదెకు పెట్టమని ఇచ్చేసింది. నాన్న దగ్గరకు వచ్చి, మంచం పట్టె పట్టుకుని నిలబడి, "నేనే చేశానండీ ఇదంతా," అంది. "నేను అడిగి తాగాను గదే," అన్నారు నాన్న. అది అబద్ధం. ఆయన ఎప్పుడూ ఏదీ అడిగి తినలేదు.

ఆ తర్వాత మా అమ్మంత కఠినమైన డాక్టరు బందరులో లేడు. ఉప్పుజాడీ ఎక్కడో దాచేసింది. మజ్జిగ తనే గరిటెతో కొలిచి పోసేది. నాన్న తినని పప్పూ చేపా తనూ మానేసి, చప్పిడన్నమే తినడం మొదలుపెట్టింది. నేను చేపల కూర వండుకుంటే, వాసన ఆయనకు తగలకుండా తలుపు మూసేది. నాన్నకు వాపు తగ్గింది. ఊపిరి తేలికపడింది. నాన్న కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచి, అక్కడి కిళ్ళీకొట్టు మనిషితో పంటల గురించి మాట్లాడి వచ్చేవారు. రెండో తట్టలో పురుగులు బంగారంలాంటి గూళ్ళు కట్టాయి. ఇక గట్టెక్కామనుకున్నాం. నేను కూడా అనుకున్నాను, అంత చదువుకుని.

ఎండలు ముదిరేసరికి మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి పథ్యంలో లోపం లేదు. నాన్నకు వాంతులు పట్టుకున్నాయి. ఒళ్ళంతా దురద. మాట మధ్యలో మగతలోకి జారిపోయేవారు. డాక్టరుగారు ఇంటికొచ్చి చూశారు. వెళ్తూ వెళ్తూ వీధి గుమ్మం దగ్గర ఆగి, నా వైపు చూడకుండా, "ఏం అడిగితే అది పెట్టండమ్మా," అన్నారు.

ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు. నా వెనక నిలబడ్డ అమ్మకు తెలియలేదు. ఆమెకు ఆ మాటలో కనిపించింది డాక్టరు నిర్లక్ష్యం ఒక్కటే.

నాన్నకు తెలివి బాగా ఉన్న ఒక పూట, నన్ను దగ్గరకు పిలిచారు. "అమ్మలూ, కాస్త ఉలవచారు తాగాలనుంది," అన్నారు. జీవితంలో ఆయన నోటివెంట తిండి గురించి నేను విన్న కోరిక అదొక్కటే. సరే నాన్నా అన్నాను. నేనే బజారుకు వెళ్ళి ఉలవలు తెచ్చి, నేనే పొయ్యి మీద పెట్టాను. అమ్మ వాసనకు పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తన్నావే?"

"డాక్టరుగారు పెట్టమన్నారు గదమ్మా."

"ఆయనకేం, పెట్టమంటాడు. పురుగుల్ని నాకు చూపించింది నువ్వు గదంటే. చేత్తో పట్టుకుని చూపించావు. ఇప్పుడు నీ చేత్తోనే పోస్తావా?"

డాక్టరుగారి మాటకు అర్థం చెప్తే అయిపోయేది. కానీ అది చెప్పడమంటే, ఇక ఆయన బతకరమ్మా అని చెప్పడం. నా నోటికి ఆ మాట రాలేదు. ఇన్నాళ్ళూ ప్రతి ముద్దనూ కొలుచుకుంటూ ఆమె కాపాడుకొస్తున్నది ఆ ప్రాణాన్నే. ఒక్కసారికి ఏం కాదమ్మా అన్నాను. ఒక్క గరిటేగా అన్నాను. తను ఎన్నోసార్లు అన్న మాటే నా నోట విని, నన్ను ఎగాదిగా చూసి, అమ్మ ఏడవకుండా వసారాలోకి వెళ్ళి నాన్న మంచం పక్కన కూర్చుంది.

కాస్త అన్నం, ఉలవచారు, పైన చారెడు మీగడ వేసి గిన్నె తీసుకెళ్ళాను. నాన్న లేచి కూర్చోవడానికి నా భుజం పట్టుకున్నారు. గిన్నె దగ్గరకు తీసుకుని వాసన చూశారు. కళ్ళు మూసుకున్నారు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఒక్క మాట కూడా అనలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆయన నోటి వైపే చూస్తోంది. నాన్న కళ్ళు తెరిచి ఆమె ముఖం చూశారు. ముద్ద ఎత్తలేదు.

"తీసెయ్ అమ్మలూ. మీ అమ్మ భయపడుద్ది," అన్నారు.

నేను బతిమాలాను. వద్దులే, ఆకలి కూడా లేదన్నారు. అమ్మ బార్లీ నీళ్ళు తెచ్చి చెంచాతో పట్టింది. ఆయన తాగారు, ఒక గుక్క. తర్వాత ఆయన మళ్ళీ దేనికీ నోరు తెరవలేదు. మగతలోనే, ఆ వారం తిరక్కుండానే పోయారు. పల్లెకు తీసుకెళ్ళి సమాధుల తోటలో వాళ్ళమ్మ పక్కన పెట్టాం.

మమ్మల్ని ఓదార్చడానికి ఇంటి దగ్గర పెట్టిన ప్రార్థనకు, ఆదరణ కూడికకు, ఊరంతా వచ్చింది. మా లెక్చరరుగారు గుడివాడ నుంచి బస్సులు మారి, ఎండలో నడిచి వచ్చారు. అమ్మ వచ్చిన వాళ్ళందరికీ ఒకటే చెప్తోంది. ఆయన చివర్లో ఉలవచారు అడిగారని, తను పెట్టనివ్వలేదని, పెట్టుంటే అప్పుడే పోయేవారని, అందువల్లే ఆ నాలుగు రోజులైనా ఉన్నారని చెప్తోంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. సమాధి దగ్గర కూడా ఆమె ఏడవలేదు. లెక్చరరుగారిని చూడగానే లేచి ఆయన దగ్గరకు వెళ్ళింది.

"బాబూ, మీరు చదువుకున్నోళ్ళు. పురుగులు తిండి ఎక్కువయ్యే గదా చచ్చింది? పెట్టకపోవటమే మంచిదయింది గదా?"

ఆయనకు మా ఇంట్లో జరిగినదేదీ తెలియదు. ఎప్పటిలాగే, జవాబు చెప్పేముందు ఎదురు మాటలన్నీ మనసులో వేసుకున్నారు. "పురుగుల సంగతి నిజమేనండీ, కాకపోతే మనిషి ఒంటికీ పురుగు ఒంటికీ..." అని మొదలుపెట్టారు.

"అవునమ్మా," అన్నాను నేను మధ్యలో. "పెట్టుంటే అప్పుడే పోయేవారు. నువ్వు పెట్టకపోబట్టే ఉన్నారు."

లెక్చరరుగారు నా వైపు చూశారు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదని నాకు తెలుసు. అయినా అమ్మ వైపు తిరిగి, "అవునండీ. మీ అమ్మాయి చెప్పిందే నిజం," అన్నారు.

అమ్మ ఆయన ముందే, అరుగు మీద కూలబడిపోయింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"గిన్నె చేతిలో పెట్టుకుని నా మొహం వంకే చూశారు బాబూ," అంది. "ఒక్క ముద్ద తినండీ అని అనలేకపోయా."